అంబాసిడర్ వెనక కమాన్లు ఇంటి దగ్గరే మార్చుకోవడం

మాది 1978 మార్క్ 3 అంబాసిడర్. నాన్న కాకినాడలో దాన్ని పదిహేడేళ్లు ట్యాక్సీగా తిప్పారు. తర్వాత అది ఇంటి బండి అయింది, ఇప్పుడు నా దగ్గర ఉంది. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను, మెకానిక్‌ని కాను. మొన్న సంక్రాంతి సెలవుల్లో తమ్ముడూ నేనూ కలిసి వెనక కమాన్లు రెండూ, అంటే ఉక్కు పట్టీలు పేర్చి విల్లులా వంచిన లీఫ్ స్ప్రింగులు, మా ఇంటి ముందే మార్చాం. మూడు రోజులు పట్టింది. ముందే తెలిసుంటే ఒకటిన్నర రోజు పని అది. ఎక్కడ ఆగిపోయామో, ఎక్కడ ప్రమాదం మా పక్కనుంచి వెళ్లిందో చెబితే ఇదే పని పెట్టుకున్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను. పద్మిని కారుకైనా మరో పాత బండికైనా వెనక కమాన్లుంటే పద్ధతి దాదాపు ఇదే.

తప్పు కమానుదేనా?

బండి ఒక పక్కకి వాలితే వెంటనే కమానుని అనకండి. టైర్లలో గాలి సమానంగా పట్టించండి. డిక్కీలో స్టెప్నీ తప్ప ఏమీ ఉంచకండి. బండిని చదునైన సిమెంటు నేల మీద నిలబెట్టి, ముందూ వెనకా రెండు మూడుసార్లు గట్టిగా కిందికి నొక్కి వదలండి. అప్పుడు చక్రం నడిమధ్య నుంచి నిలువుగా మడ్‌గార్డు అంచు దాకా టేపు పెట్టి నాలుగు చక్రాలకీ కొలవండి. కాగితం మీద రాసుకోండి, గుర్తుంటుందిలే అనుకోవద్దు. మా బండికి వెనక ఎడమ పక్క, కుడి కంటే 26 మిల్లీమీటర్లు దిగి ఉంది.

ముందు చక్రాలు కూడా ఎందుకు కొలవాలంటే, అంబాసిడర్‌కి ముందు వైపు కమాన్లు ఉండవు, మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే ఇనప కడ్డీలు, అంటే టార్షన్ బార్లు ఉంటాయి. ముందు ఒక బార్ సడలినా బండి మొత్తం వాలుతుంది, చూసేవాళ్లకి వెనకదే తప్పులా కనిపిస్తుంది. తేల్చుకోవడం సులువు. ముందు చక్రాల మధ్య అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్‌కి సరిగ్గా మధ్యలో జాకీ పెట్టి ముందు చక్రాలు నేల వదిలేదాకా లేపండి. వెనక వాలు పోయి సమానంగా నిలబడితే తప్పు ముందుది. వాలు అలాగే ఉంటే వెనకదే.

తర్వాత పగులు కోసం వెతకాలి. కమాను పట్టీల అంచుల్ని వైరు బ్రష్షుతో మెరిసేదాకా రుద్ది, కిరోసిన్ పూసి పది నిమిషాలు ఉంచండి. పొడిగుడ్డతో పూర్తిగా తుడిచి, సుద్దముక్కతో తెల్లగా పూయండి. పగులు లోపలికి వెళ్లిన కిరోసిన్ నెమ్మదిగా బయటికి ఊరి సుద్ద మీద సన్నటి చారలా కనపడుతుంది. నేను క్లాసులో కేశనాళికీయత చెప్పేటప్పుడు ఏళ్ల తరబడి దీపం ఒత్తే చూపించాను. ఇకమీద ఇది కూడా చూపిస్తాను. మా ఎడమ కమానులో పైపట్టీకి వెనక సగంలో అలాంటి చార అడ్డంగా కనపడింది. ఆ రోజు నుంచి బండి బయటికి తియ్యలేదు. మీకూ పైపట్టీలో చార కనిపిస్తే తియ్యకండి. ఎందుకో చెబుతాను.

కమాను అంటే కుదుపు ఆపేది ఒక్కటే కాదు

ఈ బండ్లలో వెనక యాక్సిల్‌ని, అదే మనవాళ్లు హౌసింగ్ అంటారు, బాడీకి పట్టి ఉంచేది ఆ రెండు కమాన్లే. వేరే కడ్డీలు ఉండవు. యాక్సిలరేటర్ తొక్కితే చక్రాల తోపుడు కమాను ముందు చెవి, అంటే పట్టీ కొసని గుండ్రంగా చుట్టిన రంధ్రం, గుండానే బాడీకి చేరుతుంది. బ్రేకు వేస్తే ఆ లాగుడూ అక్కడే. ముందు చెవి కదలకుండా బిగిసి ఉంటుంది. వెనక చెవి మాత్రం ఊగే జత పలకలకి, అంటే షాకిల్‌కి వేలాడుతుంది, ఎందుకంటే బరువు పడి విల్లు చదునైనప్పుడు దాని పొడవు పెరుగుతుంది, ఆ పెరుగుదలకి చోటు కావాలి. చెవులు రెండూ పైపట్టీకే ఉంటాయి. అది విరిగితే హౌసింగ్ ఆ పక్క వెనక్కో ముందుకో జారుతుంది. స్టీరింగ్ మీ చేతిలో ఉన్నా బండి మీ చేతిలో ఉండదు.

ఇక మా బండికి జరిగింది. నాన్న ట్యాక్సీ ఖాతా పుస్తకంలో 1986 దగ్గర ఒక పద్దు ఉంది: "కమాను ఎక్స్‌ట్రా ప్లేటు, రెండు వైపులా." అప్పట్లో అన్నవరం పెళ్లిళ్లకి బండిలో ఎనిమిది మంది, పైన క్యారియర్ మీద సామాను. ఆ బరువుకి ప్లేటు వేయించక తప్పలేదు. కానీ ట్యాక్సీ ఆపేశాక కూడా అది అలాగే ఉండిపోయింది. పట్టీ గట్టిదనం దాని మందం ఘనంతో పెరుగుతుంది. మందం రెట్టింపైతే గట్టిదనం ఎనిమిది రెట్లు. కమానులో ఉన్నవాటి కంటే మందమైన ప్లేటు ఒక్కటి చేరినా కమాను స్వభావమే మారిపోతుంది. ఇద్దరు కూర్చున్న బండిలో ఆ కమాను వంగనే వంగదు. గుంత దెబ్బంతా బాడీకి, ముందు చెవి బిగించిన బ్రాకెట్‌కి వెళ్తుంది. మా పైపట్టీకి పగులు వచ్చింది సరిగ్గా ఆ అదనపు ప్లేటు కొస ఆనుకున్న చోటే. అందుకని నా అభిప్రాయం గట్టిగా చెప్తున్నాను: ఇంటి బండికి ఎక్స్‌ట్రా ప్లేటు వద్దు. కంపెనీ ఎన్ని పట్టీలు ఇచ్చిందో అన్నే వెయ్యండి. కొట్లో "ఇంకోటి వేస్తే స్ట్రాంగమ్మా" అంటారు. వద్దనండి.

కొత్తవి కొనడమా, పాతవి కొట్టించడమా

కోల్‌కతా దగ్గరి ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. అయినా 1957 నుంచి వచ్చిన బండి కాబట్టి సామాను ఇంకా దొరుకుతోంది. కోల్‌కతా మల్లిక్ బజార్, చెన్నై పుదుపేట, మనకి దగ్గరలో విజయవాడ ఆటోనగర్. నేను ఆటోనగర్ వెళ్లాను. అక్కడ కమాన్ల కొలిమి దగ్గర ఒక పెద్దాయన నా ఫోన్లో ఫోటోలు చూసి నిజాయితీగా చెప్పాడు: "విల్లు తగ్గితే కొట్టి ఇస్తానమ్మాయ్. పగులుంటే నేను ముట్టను. ఏ పట్టీ కొట్టినా రెండు పక్కలా కొట్టించాలి."

కొట్టించడంలో తెలుసుకోవాల్సింది ఒకటుంది. కమాను ఉక్కు మామూలు ఇనుము కాదు. ఈఎన్-45 లాంటి సిలికాన్ కలిసిన స్ప్రింగు ఉక్కు. దాన్ని సరిగా చేయాలంటే సుమారు 900 డిగ్రీలకి ఎర్రగా కాల్చి, విల్లు వంచి, నూనెలో చల్లార్చి, మళ్లీ 450, 500 డిగ్రీల మధ్య వేడి చేసి పెళుసుతనం తగ్గించాలి, అదే టెంపర్ ఎక్కించడం. బొగ్గుల్లో కాల్చి సుత్తితో వంచి గాలికి వదిలేస్తే పట్టీ మెత్తబడుతుంది, మళ్లీ కుంగిపోతుంది. కాల్చకుండా చల్లగా కొడితే సుత్తి గుర్తు పడ్డ ప్రతిచోటా రేపు పగులు మొదలవ్వచ్చు. నూనె తొట్టీ, టెంపర్ చేసే ఏర్పాటు కళ్లారా చూస్తేనే ఇవ్వండి. లేకపోతే కొత్త జత కొనండి. నేను కొత్తవే కొన్నాను.

కొనేముందు పాత కమాను కొలతలు తీసుకెళ్లాలి. పట్టీ వెడల్పు, పట్టీల సంఖ్య, చెవి లోపలి వ్యాసం, ముందు చెవి మధ్య నుంచి, పట్టీలన్నిటినీ మధ్యలో కట్టే సెంటర్ బోల్టు దాకా ఎంత, అక్కడి నుంచి వెనక చెవి దాకా ఎంత. ఈ రెండు సగాలూ సమానంగా ఉండాలని లేదు. తేడా ఉంటే ఏది ముందో పెయింటుతో గుర్తు పెట్టుకోవాలి, తిరగేసి బిగిస్తే హౌసింగ్ స్థానమే తప్పుతుంది. కొట్లోనే రెండు కొత్త కమాన్లనీ పక్కపక్కన పెట్టించి, చెవి నుంచి చెవికి దారం లాగి, మధ్యలో దారానికీ పట్టీకీ దూరం కొలిచాను. మొదట ఇచ్చిన జతలో 14 మిల్లీమీటర్ల తేడా ఉంది. మార్చమంటే కొట్టాయన మారు మాట్లాడకుండా ఇంకో రెండు దింపాడు. వాటిలో తేడా 3. అవి తీసుకున్నాను. జతలో తేడా ఐదు లోపు ఉండాలి. మార్చేది ఎప్పుడూ జతగానే మార్చాలి.

వాటితోపాటు కమానుని హౌసింగ్‌కి కట్టే యు-బోల్టులు, వాటి నట్లు, చెవుల్లో కూర్చునే రబ్బరు బుష్‌లు, షాకిల్ ప్లేట్లు, హౌసింగ్‌కీ కమానుకీ మధ్య ఉండే రబ్బరు ప్యాడ్లు, అన్నీ కొత్తవి తెచ్చుకోండి. యు-బోల్టు ఒకసారి బిగించాక కొంచెం సాగిపోతుంది. పాతది మళ్లీ వాడితే బిగువు నిలవదు. వంద రూపాయలు మిగుల్చుకునే చోటు కాదది.

స్పానర్లు అంగుళాలవి కావాలి. పాత బ్రిటిష్ డిజైన్ కాబట్టి నట్లు అంగుళాల కొలతలవి. 13 నంబరు స్పానర్ అరంగుళం నట్టుకి సరిపోయినట్టే ఉంటుంది, తుప్పు పట్టిన నట్టు మీద గట్టిగా లాగితే మూలలు గుండ్రమైపోతాయి. రింగు స్పానర్లు, బాక్సు సెట్టు, మూడడుగుల ఇనప గొట్టం, రెండు కేజీల సుత్తి, బోల్టుని బయటికి కొట్టే రాగి కడ్డీ (డ్రిఫ్టు), హ్యాక్‌సా, వీలైతే యాంగిల్ గ్రైండరు. జాకీలు రెండు. ఇనప స్టాండ్లు రెండు, ఇవి లేకుండా మొదలుపెట్టొద్దు.

మూడు రోజుల ముందు

మాది సముద్రపు గాలి. ఉప్పాడ వైపు ఒక్కసారి వెళ్లొస్తే బండి కింద ఉప్పు పేరుకుంటుంది. బోల్టులన్నీ వైరు బ్రష్షుతో శుభ్రం చేసి, మర కనిపించే ప్రతిచోటా తుప్పు వదిలించే నూనె కొట్టండి. రోజుకి రెండు పూటలు, మూడు రోజులు. కొట్టిన ప్రతిసారీ బోల్టు తల మీద సుత్తితో రెండు చిన్న దెబ్బలు వెయ్యండి. ఆ అదురుకి నూనె మరల్లోకి దిగుతుంది. మేము ఎడమ పక్క బాగానే కొట్టాం, కుడి పక్క గోడకి దగ్గరగా ఉందని బద్ధకించాం. ఆ బద్ధకం ఖరీదు కింద చెబుతాను.

బండి లేపడం

ఈ భాగం నెమ్మదిగా చదవండి.

హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలకే పడుతుంది. గేరు కూడా వెనక చక్రాలనే పట్టుకుంటుంది. వెనక చక్రాలు గాల్లోకి లేచిన క్షణం నుంచి బండిని ఆపేది ఏదీ లేదు. అందుకని ముందు చక్రాలు రెండిటికీ, ముందూ వెనకా, మొత్తం నాలుగు చెక్క అడ్డాలు పెట్టండి. మేము తుమ్మ దుంగ కోయించి పెట్టాం. బండి నిలబెట్టిన చోటు చదునుగా, గట్టిగా ఉండాలి. మట్టి నేలైతే స్టాండు కింద మందపాటి చెక్కపలకో ఇనప పలకో వెయ్యండి.

చక్రాల నట్లు నేల మీద ఉండగానే పావు చుట్టు వదులు చెయ్యండి. షాక్ అబ్జార్బర్ నట్లు, షాకిల్ నట్లు, ముందు చెవి బోల్టు నట్టు కూడా ఇప్పుడే ఒకసారి కదిపి చూడండి. బండి నేల మీద ఉన్నప్పుడు మీరెంత బలంగా లాగినా ఫరవాలేదు. స్టాండ్ల మీద ఉన్న బండిని అలా లాగకూడదు.

ఆ తర్వాత జాకీని హౌసింగ్ మధ్య గుండు కింద పెట్టి, మధ్యలో చిన్న చెక్క వేసి లేపండి. స్టాండ్లు ఎక్కడ పెట్టాలన్నదే అసలు విషయం. హౌసింగ్ కింద కాదు, హౌసింగ్‌ని మనం దించాలి కాబట్టి. అంబాసిడర్‌కి విడి ఛాసిస్ లేదు. బాడీ అడుగునే పెట్టెల్లా మడిచిన బలమైన భాగాలుంటాయి. కమాను ముందు బ్రాకెట్‌కి కాస్త ముందుగా ఆ పెట్టె భాగం కింద, రెండు పక్కలా ఒకే ఎత్తులో స్టాండ్లు పెట్టండి. ముందే స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. దిగబడితే అక్కడ ఇనుము లేదు, తుప్పే ఉంది.

ఇటుకలు పెట్టొద్దు. సిమెంటు దిమ్మెలు అసలే వద్దు. అవి ముందు చప్పుడు చేసి విరగవు, ఒక్కసారిగా పొడైపోతాయి. టన్ను దాటిన బండి అది. మా వీధిలోనే ఒకాయన "ఇటుకలు నాలుగు పేర్చండమ్మా, ఎన్ని బళ్లు లేపలేదు" అన్నారు. ఆయన మంచికే అన్నారు. నేను ఒప్పుకోలేదు.

బరువు స్టాండ్ల మీదికి దించాక, జాకీ హౌసింగ్ కిందే తగిలీ తగలకుండా ఉంచండి. విప్పిన చక్రాల్ని బాడీ అంచుల కింద అడ్డంగా పడుకోబెట్టండి, ఏదైనా జారినా ఆ వెడల్పు మీకు మిగులుతుంది. అప్పుడు బాడీని చేత్తో అటూ ఇటూ గట్టిగా ఊపండి. ఊగితే దించి మళ్లీ పెట్టండి. దాని కిందికి దూరాల్సింది మీరే.

ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క

రెండు కమాన్లూ ఒకేసారి విప్పొద్దు. ఒక పక్క కమాను బిగిసి ఉంటే హౌసింగ్ తన చోట నిలుస్తుంది. రెండూ విప్పితే ఆ బరువంతా జాకీ మీద దొర్లుతుంది, ఇంజిన్ తిప్పుడుని వెనక్కి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు లాగుతుంది, బ్రేకు గొట్టం వేలాడుతుంది.

హౌసింగ్‌ని దించే ముందు మూడు చూసుకోండి. వెనక్కి వచ్చే రబ్బరు బ్రేకు గొట్టం బిగుసుకోకూడదు. హ్యాండ్ బ్రేకు కేబులు ఎక్కడ లాగుతుందో అక్కడ క్లిప్పు విప్పండి. సైలెన్సర్ గొట్టం హౌసింగ్‌కి తగులుతుంటే దాని హ్యాంగరు వదులు చెయ్యండి. షాక్ అబ్జార్బర్ కింది కొస విడదియ్యండి, లివరు రకమైనా గొట్టం రకమైనా. లేకపోతే హౌసింగ్ దాని దగ్గరే ఆగిపోతుంది, కమాను బిగువు పూర్తిగా వదలదు.

జాకీని నెమ్మదిగా దించుతూ కమానుని చూడండి. షాకిల్ ప్లేట్లు చేత్తో కదిపితే కదిలే స్థితి రావాలి. అప్పుడే బిగువు పోయినట్టు. బిగువున్న కమాను బోల్టు విప్పితే ఆ శక్తంతా మీ చేతుల్లోకో ముఖంలోకో వస్తుంది. ఈ పనిలో ప్రమాదమంతా ఇక్కడే ఉంది. మిగతావి చర్మం గీసుకుపోయే దెబ్బలు.

ముందు యు-బోల్టుల నట్లు విప్పాలి. మాకు నాలుగులో మూడు రాలేదు. వాటితో పోట్లాడకండి, ఎలాగూ కొత్తవి వేస్తాం కదా. గ్రైండరుతో కోసెయ్యండి, కళ్లద్దాలు పెట్టుకుని, నిప్పురవ్వలు ట్యాంకు వైపు పోకుండా తడిగోనె అడ్డం పెట్టి. పెట్రోలు వాసన కొంచెం తగిలినా గ్రైండరు పక్కనపెట్టి హ్యాక్‌సా తీసుకోండి. గ్యాస్ మంట మాత్రం ఈ బండి వెనక భాగంలో ఎక్కడా వద్దు.

కింది ప్లేటు వచ్చేశాక షాకిల్ విప్పండి, తర్వాత ముందు చెవి బోల్టు. కమాను బరువైనది, మీ తల దాని కింద లేకుండా ఇంకొకరు పట్టుకోవాలి.

ఎడమ పక్క అరగంటలో వచ్చింది. నేను నూనె సరిగా కొట్టని కుడి పక్క ముందు బోల్టు నాలుగు గంటలు తీసుకుంది. నట్టు వచ్చింది, బోల్టు తిరిగింది, కానీ బయటికి రాలేదు. బుష్ లోపల ఉండే ఇనప గొట్టానికి బోల్టు తుప్పుతో అతుక్కుపోయి, రెండూ కలిసి రబ్బరులో తిరుగుతున్నాయి. తమ్ముడు సుత్తి తీసుకుని కొట్టడం మొదలుపెట్టాడు. "ఆగరా, బ్రాకెట్ వంగుతుంది" అన్నాను. "అయితే నువ్వే చెప్పక్కా, ఏం చెయ్యమంటావో" అన్నాడు, చెమటలు కారుతూ. కూర్చుని చాయ్ తాగి ఆలోచించాం. చెవికీ బ్రాకెట్ గోడకీ మధ్య సన్నటి సందు ఉంటుంది. హ్యాక్‌సా బ్లేడు ఫ్రేము నుంచి ఊడదీసి, ఒక చివర గుడ్డ చుట్టి పట్టుకుని, ఆ సందులో రెండు వైపులా బోల్టుని కోశాం. రెండు కోతలు, ఐదు బ్లేడ్లు. కమాను చెవిలో బోల్టు ముక్కతో సహా కిందికి వచ్చేసింది. పాత కమాను మళ్లీ వాడం కాబట్టి ఇదే మంచి దారి. మీకు బోల్టు రాకపోతే సుత్తి జోలికి పోకుండా మొదటి అరగంటలోనే ఇది చెయ్యండి.

ఖాళీ అయిన బ్రాకెట్లు

కమాను తీశాక బ్రాకెట్లనీ అవి అతికిన బాడీనీ ఒకసారి తీరిగ్గా చూడండి. ఈ అవకాశం మళ్లీ పదేళ్ల దాకా రాదు. మట్టి గీకి, సుత్తి మొనతో తట్టండి. మంచి ఇనుము గణగణమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. బోల్టు రంధ్రం కోడిగుడ్డులా సాగిందేమో చూడండి. బ్రాకెట్ పక్కన పగులు కనిపిస్తే పని ఆపి, ముందు మంచి వెల్డరు చేత బాగు చేయించండి. గట్టి కొత్త కమానుని కుళ్లిన బాడీకి బిగించడం కంటే పాత కమానే నయం. మావి బాగానే ఉన్నాయి. తుప్పు గీకి, ప్రైమరు, నల్ల పెయింటు రెండు పూతలు వేసి ఆ రాత్రి ఆరనిచ్చాం.

బుష్‌లు కొత్త కమాను చెవిలోకి ఎక్కించడానికి సుత్తి వద్దు. బల్లకి బిగించిన వైసులో, ఒక పక్క బుష్ కంటే పెద్ద గొట్టం ముక్క, ఇంకో పక్క చదునైన పలక పెట్టి నొక్కండి. రబ్బరుకి గ్రీజు గానీ ఇంజిన్ ఆయిల్ గానీ పూయొద్దు, అది రబ్బరుని ఉబ్బించి మెత్తబరుస్తుంది. సబ్బునీళ్లు చాలు. బోల్టు ఒంటికి మాత్రం గ్రీజు సన్నగా పూయండి, ఇంకో ఇరవై ఏళ్లకి విప్పేవాళ్లు మిమ్మల్ని తలుచుకుంటారు. పట్టీల మధ్య నేను గ్రాఫైట్ గ్రీజు పల్చగా పూశాను. ఇక్కడ రెండు అభిప్రాయాలున్నాయి. పట్టీల రాపిడే కొంత కుదుపుని ఆపుతుంది, పూయకూడదంటారు కొందరు. మా ఊరి ఉప్పుగాలికి పట్టీల మధ్య తుప్పు పేరుకుని అవి ఒకదానికొకటి అతుక్కుపోవడమే నేను చూశాను కాబట్టి పూశాను.

బిగించడం

ముందు చెవి బ్రాకెట్‌లో పెట్టి బోల్టు దూర్చండి. నట్టు చేత్తో మాత్రమే తిప్పండి. తర్వాత వెనక చెవిని షాకిల్‌కి చేర్చండి. కొత్త కమాను విల్లు ఎక్కువ కాబట్టి చెవుల మధ్య దూరం పాతదానికంటే తక్కువ ఉంటుంది, షాకిల్ ముందుకి వాలినట్టు కనిపిస్తుంది. తప్పు కమాను తెచ్చామేమోనని మేం కంగారుపడ్డాం. బరువు పడితే సర్దుకుంటుంది. ఈ నట్లు కూడా చేతి బిగువే.

మా బండికి హౌసింగ్ కమాను మీద కూర్చుంటుంది. రబ్బరు ప్యాడ్ వేసి, జాకీతో హౌసింగ్ ఎత్తు సరిచేస్తూ, రెండో చిన్న జాకీతో కమాను మధ్యభాగం నెమ్మదిగా పైకి తేవాలి. కమాను మధ్యలో పట్టీలన్నిటినీ కట్టే సెంటర్ బోల్టు తల, హౌసింగ్ సీటులో ఉన్న గుండ్రటి రంధ్రంలోకి దిగాలి. హౌసింగ్ ముందుకీ వెనక్కీ పోకుండా చోటు చూపించేది ఆ చిన్న తలే. అది రంధ్రంలో పడకుండా అంచు మీద కూర్చున్నా యు-బోల్టులు బిగుసుకుంటాయి, అంతా బాగున్నట్టే ఉంటుంది, బండి మాత్రం రోడ్డు మీద ఓరగా పోతుంది. వేలు పెట్టి తడిమి చూడండి. ప్యాడ్ రెండు వైపులా సమానంగా, ఎక్కడా సందు లేకుండా అమరితే పడినట్టు. మాకు మొదటిసారి పడలేదు. గొట్టంతో హౌసింగ్‌ని ఒక్క వేలి వెడల్పు వెనక్కి నెడితే టక్కుమని దిగింది.

యు-బోల్టుల నాలుగు నట్లూ ఎదురెదురు మూలలుగా, ఒక్కోదాన్ని కొంచెం కొంచెంగా బిగించండి. నట్టు కింద బయటికొచ్చిన మరలు నాలుగింటికీ సమానంగా ఉండాలి. చివరి బిగువు టార్క్ రెంచితో, మీ బండి మాన్యువల్లో ఉన్న అంకెకి. షాక్ అబ్జార్బర్ కలపండి. అప్పుడు రెండో పక్క మొదలుపెట్టండి. కమాను కిందికి దిగాక అటుపక్క పనికి మాకు గంటన్నర పట్టింది.

చెవుల నట్లు ఎప్పుడు బిగించాలి

ఇది చాలా షెడ్లలో తప్పు చేస్తారు. బండి గాల్లో ఉండగానే అన్నీ బిగించేస్తే, రబ్బరు బుష్ ఆ వేలాడే స్థితిలో పట్టుబడిపోతుంది. బండి నేల మీదికి దిగి కమాను చదునవగానే రబ్బరు మెలితిరుగుతుంది, రోజంతా ఆ మెలికలోనే ఉంటుంది, గుంత పడ్డ ప్రతిసారీ ఇంకొంచెం మెలిపడుతుంది. కొద్ది నెలల్లో చిరుగుతుంది. పైగా మెలిపడ్డ రబ్బరు కూడా ఒక స్ప్రింగే, అది బండిని ఉండాల్సిన దానికంటే ఎత్తుగా నిలబెడుతుంది, మీరు కొలిచిన ఎత్తులు తప్పవుతాయి.

అందుకని చక్రాలు బిగించి, బండి దించి, వెనక నాలుగైదుసార్లు నొక్కి వదలండి. పదడుగులు ముందుకీ వెనక్కీ తోయండి. వెనక సీట్లో ఇద్దర్ని కూర్చోబెట్టండి. బరువు చక్రాల మీద ఉండగానే ముందు చెవి బోల్టులు, షాకిల్ నట్లు పూర్తిగా బిగించండి. కిందికి దూరడానికి చోటు చాలకపోతే, నాలుగు చక్రాల కిందా ఒకే మందం చెక్కలు వేసి బండిని వాటి మీదికి ఎక్కించి అడ్డాలు పెట్టండి. మేము మా పాత దూలం ముక్కలు వాడాం. అమ్మా, మేనత్తా వెనక సీట్లో కూర్చున్నారు. పది నిమిషాలన్నాను, ముప్పావు గంట పట్టింది.

కొలిచి చూసుకోవడం

ముందు చక్రం నడిమధ్య నుంచి వెనక చక్రం నడిమధ్య దాకా, స్టీరింగ్ తిన్నగా పెట్టి, రెండు పక్కలా కొలవండి. అంబాసిడర్ వీల్‌బేస్ 97 అంగుళాలు, అంటే 2,464 మిల్లీమీటర్లు. అంకె అచ్చంగా రాకపోయినా కుడి ఎడమ ఒకేలా రావాలి. మాకు 2 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. పది దాటిన తేడా వస్తే సెంటర్ బోల్టు రంధ్రంలో పడలేదనే అర్థం, మళ్లీ విప్పండి. చక్రం దగ్గర ఎత్తులు కూడా మళ్లీ కొలవండి. కుడి ఎడమల మధ్య మాకున్న 26 తేడా 4కి తగ్గింది.

బ్రేకు గొట్టం ఎక్కడా రాసుకోవడం లేదని, హ్యాండ్ బ్రేకు పట్టు మారలేదని చూసుకోండి. వెనక లేచింది కాబట్టి హెడ్‌లైట్లు కిందికి చూస్తాయి. చీకటి పడ్డాక గోడకి ఎదురుగా నిలబెట్టి సరిచేసుకోవాలి. ఇది మేము మరిచిపోయి, మొదటి రాత్రి బండికి పది గజాల ముందు రోడ్డు మాత్రమే చూస్తూ ఇంటికి వచ్చాం.

మొదటిసారి నెమ్మదిగా, దగ్గరికే వెళ్లండి. మేము సామర్లకోట దాకా వెళ్లి వచ్చాం. ఖాళీ రోడ్డు చూసుకుని ఒకసారి గట్టిగా బ్రేకు వేసి, బండి పక్కకి లాగుతుందేమో గమనించండి. స్పీడ్ బ్రేకర్ మీద టక్కుమనే చప్పుడు వస్తే ఏదో నట్టు వదులుంది, ఇంటికి వచ్చేదాకా ఆగకుండా అక్కడే చూడండి. మాకు చప్పుడు రాలేదు. వెనక సీట్లో అమ్మ రైలుగేటు పట్టాలు దాటాక "అయిపోయిందా గేటు?" అని అడిగింది.

50 కిలోమీటర్లు తిరిగాక యు-బోల్టులు మళ్లీ బిగించాలి. రబ్బరు ప్యాడ్లు అణిగి బిగువు తప్పకుండా తగ్గుతుంది. మాకు ఒక్కో నట్టు దాదాపు పావు చుట్టు తిరిగింది. 500 కిలోమీటర్ల దగ్గర ఇంకోసారి. అప్పుడు చాలా కొద్దిగా తిరిగింది, రెండు నట్లు అసలు తిరగలేదు. కొత్త కమాన్లు మొదటి నెలలో కొంచెం దిగుతాయి. మావి రెండు పక్కలా 7 మిల్లీమీటర్లు దిగి అక్కడ ఆగాయి. ఆ అంకెలు నాన్న ఖాతా పుస్తకంలోనే, 1986 పద్దు ఉన్న పేజీ వెనక రాసి పెట్టాను. ఏడాదికోసారి తీసి పోల్చి చూడాలి.